షాపులో స్టాఫ్ తక్కువైతే: ఓర్చుకోవాలా, అడగాలా, మానేయాలా?

పెద్ద బట్టల షోరూముల్లో ఇప్పుడు తరచూ కనిపించేది ఇదే. నలుగురు చూడాల్సిన కౌంటర్‌ను ఇద్దరు చూస్తుంటారు. మానేసినవాళ్ల చోటు ఖాళీగానే ఉంటుంది. ఉన్నవాళ్లు రాత్రి షట్టర్ దించేదాకా నిలబడే ఉంటారు.

స్టాఫ్ చాలట్లేదని ఫిర్యాదు చేస్తే కార్మిక శాఖ ఆఫీసుల్లో పెద్దగా ఫలితం ఉండదు. షాపులో ఇంతమంది ఉండి తీరాలనే చట్టం లేదు మరి. పనిగంటలకు మాత్రం హద్దుంది. 1988 నాటి షాపులు, సంస్థల చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు జీతం ఇవ్వాలి, వారానికో రోజు సెలవు ఇవ్వాలి. అందుకే మన ఫిర్యాదు గంటల గురించి ఉండాలి.

ఓర్చుకోవడం పండగ సీజన్ వరకైతే సరే. నెలల తరబడి ఓర్చుకుంటే మాత్రం నష్టం మనకే. ఇద్దరితో పని జరిగిపోతుంటే యజమాని మూడో మనిషిని ఎందుకు తీసుకుంటాడు? ఏ దారి పట్టినా, వచ్చిన టైము, వెళ్లిన టైము రోజూ సొంత నోట్‌బుక్కులో రాసుకోండి. హాజరు రిజిస్టర్ వాళ్ల దగ్గరుంటుంది, దాన్నే నమ్ముకోవద్దు.

నా దృష్టిలో అన్నిటికన్నా మేలైనది షాపులో పనిచేసేవాళ్లంతా కలిసి యజమానిని రాతపూర్వకంగా అడగడం. ఒక్కరే వెళ్తే "నీకు పని చేతకాదు" అంటారు. ఆరుగురు సంతకాలు పెట్టి, తేదీ వేసి, గంటల లెక్కతో ఇస్తే ఆ మాట అనలేరు. ఒక కాపీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

అప్పటికీ కదలకపోతే అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ దగ్గరికి వెళ్లాలి. ఉద్యోగం పోతుందన్న టెన్షన్ ఉంటుంది, అది ఉత్త భయం కూడా కాదు. కానీ ఆరు నెలలు దాటి పనిచేసినవారిని సరైన కారణం లేకుండా, నెల నోటీసో దానికి బదులు నెల జీతమో ఇవ్వకుండా తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. చేతిలో గంటల లెక్క, ఇచ్చిన లెటర్ ఉన్నాకే వెళ్లండి. ఉత్త చేతులతో వెళ్తే మీ మాటా, యజమాని మాటా మిగులుతాయి అంతే.

మానేయడం చివరి దారి. ఒళ్లు పాడవుతుంటే మాత్రం వెంటనే మానేయాలి, ఏ జీతమూ ఆరోగ్యాన్ని తిరిగి తేలేదు. లేదంటే ముందు సర్వీసు లెక్క చూసుకోండి. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు మానేసేటప్పుడు యజమాని ఇచ్చే డబ్బు, వస్తుంది. నెలకు బేసిక్ జీతం, డీఏ (కరువు భత్యం) కలిపి 15,600 ఉంటే ఏడాదికి 9,000 చొప్పున ఐదేళ్లకు 45,000. నాలుగున్నరేళ్లు చేసినవారు కోపంలో రాజీనామా ఇస్తే ఆ డబ్బు చేజారవచ్చు. రాజీనామా లెటర్‌లోనే ఓవర్‌టైం బకాయి ఎంతో రాసి, అందినట్టు సంతకం తీసుకోండి.