పీటర్ కుందేలు కథ: చిన్న సైజు ప్రతే కొనండి
ఇంగ్లిష్ రచయిత్రి, చిత్రకారిణి బియాట్రిక్స్ పాటర్ 1901లో సొంత ఖర్చుతో 250 ప్రతులు వేయించుకున్న కథ ఇది. 1902లో ఫ్రెడరిక్ వార్న్ ప్రచురణ సంస్థ రంగుల్లో తెచ్చింది. ఎత్తు సుమారు 14 సెంటీమీటర్లే; పిల్లల చేతిలో ఇమడాలన్నది ఆమె పట్టుదల. ఒక పేజీలో నాలుగు ముక్కలు, ఎదుటి పేజీలో బొమ్మ. అందుకే పేజీ తిప్పగానే పీటర్‌ని తరిమే తోటమాలి మెక్‌గ్రెగర్ ఎదురుపడితే గుండె ఝల్లుమంటుంది. కథలన్నీ కలిపిన లావు సంపుటాల్లో ఒకే పేజీలో బొమ్మలు ఇరికిస్తే ఆ ఉలికిపాటు గాలికిపోతుంది.

చవక ముద్రణలు మరీ దారుణం. లేత నీటిరంగులు కదా, బొచ్చు గీతలు అలుక్కుపోయి గోధుమరంగు ముద్ద మిగులుతుంది. కొనేముందు కుందేలు మీసాలు చూడండి, విడివిడిగా కనబడాలి. 1903లో తీసేసిన బొమ్మలు కావాలంటే 2002 నాటి శతవార్షిక ముద్రణ వెతకండి.