ల్యాప్‌టాప్ అని చెప్పి ట్యాబ్ అమ్ముతున్నారు: నల్లగొండలో కొనేవారికి హెచ్చరిక

దోస్త్ (తెలంగాణ డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్) ప్రవేశాలు ముగిసి డిగ్రీ తరగతులు మొదలయ్యే ఈ రోజుల్లో, పిల్లలకు ల్యాప్‌టాప్ కొనడానికి దేవరకొండ, హాలియా, నకిరేకల్ వైపుల నుండి నల్లగొండకు వచ్చే తల్లిదండ్రులు ఈ విషయం తప్పక తెలుసుకోవాలి. ఊడదీయడానికి వీలున్న కీబోర్డును జతచేసి, ఆండ్రాయిడ్ ట్యాబ్‌ను ల్యాప్‌టాప్ పేరుతో అంటగడుతున్నారు. మాకు ఇదే జరిగింది.

మా అమ్మాయి బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్ చదువుతోంది. లెక్కల ఖాతాలు రాసే ట్యాలీ నేర్చుకోవడానికి, ఎక్సెల్‌లో పని చేయడానికి కావాలని దుకాణంలో మొదటే స్పష్టంగా చెప్పాం. "ఇది ల్యాప్‌టాప్ లెక్కనే సార్, కీబోర్డు పెడితే ల్యాప్‌టాప్, తీస్తే ట్యాబ్" అంటూ డెస్క్‌టాప్ మోడ్‌ను తెరిచి చూపించారు. అందులో కింద టాస్క్‌బార్, పక్కపక్కనే తెరుచుకునే విండోలు, మౌస్ బాణం అన్నీ ఉంటాయి కనుక, విండోస్‌తో అలవాటున్న వారికి కూడా అది వేరే వ్యవస్థ అని వెంటనే తట్టదు. ట్యాలీ విండోస్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్. దానిని ఆండ్రాయిడ్‌లో ఇన్‌స్టాల్ చేయడం కుదరదు. ఎక్సెల్ ఉన్నది గాని, ఆండ్రాయిడ్ ఎక్సెల్‌లో మాక్రోలు, అంటే పదే పదే చేసే పనిని దానంతట అదే చేసే చిన్న ప్రోగ్రాములు, నడవవు. దాదాపు 24,000 రూపాయలు పెట్టిన తరువాత, ఏ పని కోసం కొన్నామో ఆ పనే జరగలేదు. మార్చమని అడిగితే "బిల్లు కొట్టినంక వాపస్ తీసుకోం" అన్నారు.

అంతకంటే బాధ కలిగించినది కీబోర్డు సంగతి. కొద్ది వారాలకే కొన్ని అక్షరాలు పడడం మానేస్తే సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్ళాం. బిల్లులో ట్యాబ్ పేరు మాత్రమే ఉన్నదనీ, కీబోర్డుకు వారంటీ వర్తించదనీ అక్కడ చెప్పారు. రెండింటికీ కలిపి డబ్బు తీసుకుని, ఒకదానికే బిల్లు ఇచ్చారన్నమాట.

ట్యాబ్ చెడ్డ వస్తువని నేను అనడం లేదు. వీడియో పాఠాలు చూడడానికి, పుస్తకాలు చదవడానికి, పెన్నుతో నోట్సు రాసుకోవడానికి అది తేలికగా, హాయిగా ఉంటుంది. గంటల తరబడి టైపు చేయవలసిన పనికి మాత్రం, తెరా కీబోర్డూ గట్టి మడతబందుతో కలిసి ఉన్న ల్యాప్‌టాప్ మేలు. వెనుక స్టాండుతో నిలబడే ట్యాబ్‌కు బల్ల కావాలి. ఒడిలో గాని, హాస్టల్ మంచం మీద గాని కుదురుగా నిలవదు.

విండోస్ ఉన్న ట్యాబ్ అని చెప్పినా ఆగి చూడండి. చౌక రకాల్లో 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ మాత్రమే ఉంటాయి. విండోస్ 11కు కనీసం కావలసినవే అవి. బోర్డుకే అతికించి ఉంటాయి కాబట్టి తరువాత పెంచుకోవడానికి వీలుండదు. అప్‌డేట్లు వచ్చేకొద్దీ ఆ స్థలం నిండిపోతుంది. డబ్బు కట్టే ముందే సెట్టింగ్స్‌లో 'అబౌట్' తెరిపించి, అది ఆండ్రాయిడా విండోసా అన్నది మీ కళ్ళతో చూడండి. మీకు కావలసిన సాఫ్ట్‌వేర్‌ను అక్కడే తెరిచి చూపించమని అడగండి. బిల్లులో మోడల్ నంబరుతో పాటు కీబోర్డు, ఛార్జర్ విడివిడిగా రాయించుకోండి.

ఇప్పటికే ఇలా నష్టపోయినవారు ఊరుకోవలసిన అవసరం లేదు. వస్తువు గురించి నోటిమాటగా అబద్ధం చెప్పి అమ్మినా, అమ్మిన దానికి బిల్లు ఇవ్వకపోయినా, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం దానిని అనుచిత వ్యాపార పద్ధతిగానే చూస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నేను ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు అక్కడ రుసుము లేదు, గడువు రెండేళ్ళు. హైదరాబాద్‌లో కొన్నవారు కూడా తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు.