ఆర్‌సీబీఎస్ 505 బీమ్ త్రాసు: తొమ్మిదేళ్లు వాడాక

"మందు తూస్తున్నానమ్మా, పది నిమిషాల్లో చేస్తా" అని ఒకసారి ఫోన్ పెట్టేశాను. "వీడు ఇప్పుడు తూకం వేసుకుని మరీ తాగుతున్నాడండీ" అని అమ్మ నాన్న దగ్గర వాపోయిందట.

నేను తూచేది పిస్టల్ తూటాల్లో పోసే పొడి. ఉండేది టెక్సస్‌లో. యూఎస్‌పీఎస్ఏ (ఇక్కడి పిస్టల్ షూటింగ్ పోటీల సంఘం) మ్యాచ్‌ల కోసం 9 ఎంఎం తూటాలు గరాజ్‌లోనే లోడ్ చేసుకుంటాను. ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది. ఇండియాలో లైసెన్స్ లేకుండా చేస్తే ఆయుధాల చట్టం కింద నేరం, సరదాకి కూడా ఆ జోలికి పోవద్దు.

ఈ ఆర్‌సీబీఎస్ కంపెనీ త్రాసు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అడ్డకడ్డీ మీద గుండ్లు జరిపి తూచే రకం, కరెంటు అక్కర్లేదు. ఎడమవైపు పెద్ద గుండు పదేసి గ్రెయిన్ల చొప్పున జరుగుతుంది, కుడివైపు రెండు చిన్నవి ఒక గ్రెయిన్‌నీ, అందులో పదో వంతునీ చూసుకుంటాయి. అయస్కాంతం పట్టు ఉంది కాబట్టి ముల్లు ఎక్కువసేపు ఊగదు. 7,000 గ్రెయిన్లయితే ఒక పౌండు. మన కంసాలులు బంగారం తూచిన గురివింద గింజ దాదాపు రెండు గ్రెయిన్లు ఉంటుంది. నేను పట్టించుకునే తేడా ఆ గింజలో సుమారు ఇరవయ్యో వంతు.

అంత చాదస్తం ఎందుకంటే 9 ఎంఎం కేసు (పొడి పోసే తూటా గొట్టం) చిన్నది, పిస్టల్ పొడి చురుకైనది. కాస్త ఎక్కువైనా ఒత్తిడి ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఈ తూటాకు శామీ (అమెరికాలో తూటాల ప్రమాణాలు పెట్టే సంస్థ) పెట్టిన హద్దు 35,000 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్ల ఒత్తిడి. పొడి కంపెనీ మాన్యువల్‌లో మొదలుపెట్టాల్సిన కొలత, దాటకూడని కొలత రెండూ ఉంటాయి. కింది కొలతతో పది తూటాలు చేసి, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద కాలుస్తాను. చాలకపోతే 0.1 గ్రెయిన్ పెంచి మళ్లీ పది.

ఆ పోటీల్లో తక్కువ శక్తి తూటాల వర్గమైన మైనర్‌లో ఆడాలంటే పవర్ ఫ్యాక్టర్ 125 ఉంటే చాలు. బులెట్ (తూటా కొసన ఉండి దూసుకెళ్లే ముక్క) బరువును వేగంతో గుణించి 1,000తో భాగించాలి. నా 124 గ్రెయిన్ల బులెట్‌కు సెకనుకు 1,009 అడుగులు వస్తే గట్టెక్కినట్టే. క్రోనోగ్రాఫ్‌కీ క్రోనోగ్రాఫ్‌కీ తేడా ఉంటుంది కాబట్టి 1,050 దగ్గర, అంటే 130 దగ్గర ఆగాను. గరిష్ఠానికి ఇంకా ఎడం ఉంది. మొదటి ఏడాది నేనూ ఎక్కువ పోస్తే గొప్ప అనుకున్నవాణ్నే. చెయ్యి అదరడం, రెండో షాట్‌కు గురి ఆలస్యం కావడం తప్ప ఒరిగిందేమీ లేదు.

దీనికి ముందు ఒక డిజిటల్ త్రాసు ఉండేది. జూలైలో ఏసీ గాలి కింద పెట్టి అరవై తూటాలు చేశాక, ఎందుకో అనుమానమొచ్చి చెక్ వెయిట్ (బరువు ముందే తెలిసిన తూకపు రాయి) పెడితే 0.4 గ్రెయిన్ తేడా చూపించింది. ఇక సుత్తి లాంటి పుల్లర్‌తో అరవై బులెట్లూ ఊడగొడుతూ అర్ధరాత్రి దాకా ఠక్ ఠక్. గాలికి ఈ 505 కూడా ఊగుతుంది. కాకపోతే ఊగుతున్న సంగతి కంటికి కనిపిస్తుంది. ఆ డిజిటల్‌ది మాత్రం నిలకడైన అంకెతోనే అబద్ధం చెప్పింది.

పొరపాటున ఒకే కేసులో రెండుసార్లు పోస్తే ఏ త్రాసూ కాపాడదు. అందుకే రెండోసారి పోస్తే పొంగి బయటపడేలాంటి, ఎక్కువ చోటు పట్టే పొడి ఎంచుకున్నాను. అయినా బులెట్ పెట్టేముందు ప్రతి కేసులోకీ టార్చి వేసి చూస్తాను.

బీమ్ త్రాసు ఏదైనా నెమ్మదే. ప్రతిదీ తూస్తూ కూర్చుంటే తెల్లారుతుంది. ప్రతిసారీ ఒకే కొలత పొడి వదిలే డ్రమ్ము మెజర్‌తో పోస్తూ పదింటికొకటి తూస్తాను. సెట్టింగ్ మార్చిన రోజు పది మోతాదులు ఒకేసారి పళ్లెంలో పోసి, వచ్చిన బరువును పదితో భాగిస్తాను. బల్ల సమంగా ఉండాలి, గరాజ్‌లో వాషింగ్ మెషీన్ స్పిన్‌లో ఉండకూడదు. ఆదివారం బట్టలు వేసేముందు మా ఆవిడ ఇప్పుడు తలుపు దగ్గర నిలబడి "ఏమండీ, త్రాసు పనుందా?" అని అడిగాకే స్విచ్ వేస్తుంది.