పాత మంగలికత్తుల కోసం జోలింగెన్, షెఫీల్డ్: ఎక్కడ దిగాలి, ఎక్కడ కొనాలి

పాత రేజర్లు సేకరించే పిచ్చి ఉన్నవాళ్ళు యూరప్ వెళ్తే చూడాల్సిన ఊళ్ళు ముఖ్యంగా రెండు, రెండూ కత్తుల తయారీకి పేరుపడ్డవే: జర్మనీలో జోలింగెన్, ఇంగ్లాండులో షెఫీల్డ్. రెండూ తిరిగొచ్చాక నా మాట ముందే చెప్పేస్తాను. నేర్చుకోవడానికి జోలింగెన్, కొనడానికి షెఫీల్డ్. దీన్ని తిరగేస్తే డబ్బు దండగ. జోలింగెన్‌లో అమ్మేవాళ్ళకి తమ చేతిలో ఉన్నదేంటో గ్రాము లెక్కన తెలుసు, బేరానికి సందివ్వరు. షెఫీల్డ్ పాతసామాన్ల కొట్లలో మాత్రం మంచి కత్తి కూడా చెంచాలు, తాళంచెవులతో కలిసి ఒకే ట్రేలో పడి ఉంటుంది.

జోలింగెన్ పెద్ద రైల్వే స్టేషన్ ఊరి నడిబొడ్డున ఉండదు, ఓలిగ్స్ అనే పేటలో ఉంటుంది. చాలామంది స్టేషన్ పక్కనే హోటల్ తీసుకుంటారు. డ్యూసెల్‌డార్ఫ్, కొలోన్‌లకు రైళ్ళు సులువుగా దొరుకుతాయి కాబట్టి అది తెలివైన పనే, కానీ అక్కడ చూసేందుకు పెద్దగా ఏమీ లేదు. మేము గ్రేఫ్‌రాట్‌లో దిగాం. నల్ల పలకరాయి తాపడం చేసిన గోడలు, తెల్ల చట్రాలు, ఆకుపచ్చ కిటికీ తలుపులు ఉన్న పాత ఇళ్ళ పేట అది. మా గది చిన్నది, మెట్లు నిట్టనిలువు, లిఫ్ట్ లేదు. పొద్దున టిఫిన్ మాత్రం భేష్. రాత్రి భోజనం ఆలస్యంగా చేసే అలవాటున్నవాళ్ళు ముందే జాగ్రత్తపడాలి, వంటిళ్ళు తొందరగా కట్టేస్తారు. కత్తుల మ్యూజియం నాలుగడుగుల దూరంలో ఉండటం వల్ల ఆ అసౌకర్యమంతా సరిపోయింది. ఊళ్ళో తిరగడానికి తీగల కింద నడిచే ఓ-బస్సులున్నాయి. 1952 నుంచి నడుస్తున్నాయట, జర్మనీలో ఇలాంటివి ఇంకా మిగిలిన ఊళ్ళు చాలా తక్కువ. నాతో వచ్చిన మా బావకి కత్తుల మీద ఏ మోజూ లేదు, ఆయనకి ఈ యాత్ర మొత్తంలో నచ్చింది ఆ బస్సులే. ఇంకోటి, అక్కడినుంచి రెమ్‌షైడ్ వైపు వెళ్ళే రైలు దాటే ముంగ్‌స్టెన్ ఉక్కు వంతెన. 1897లో కట్టారు, ఎత్తు 107 మీటర్లు.

క్లింగెన్ మ్యూజియం అనే ఆ కత్తుల మ్యూజియం ఒకప్పటి సన్యాసినుల మఠంలో ఉంది. కత్తులు, బాకులు, భోజనాల బల్ల మీది చాకులు, ఫోర్కులు అన్నీ పుష్కలంగా ఉన్నాయి. రేజర్ల కోసమే వెళ్ళినవాడికి వాటి వాటా తక్కువనిపిస్తుంది, ఇది నా ఫిర్యాదు. అద్దాల అవతల ఉన్న కత్తి వాదర పలచన కంటికి ఆనదు. అందుకే మ్యూజియానికి ఒక పూట చాలు, మిగతా సమయం వుపర్ నది ఒడ్డున ఉన్న సాన మిల్లులకి ఇవ్వండి. విపర్‌కోటెన్, బాల్క్‌హౌజర్ కోటెన్ అని అలాంటివి రెండు నిలిచి ఉన్నాయి. ఏ రోజుల్లో సాన తిప్పి చూపిస్తారో ముందుగా కనుక్కుని వెళ్ళాలి.

మేము వెళ్ళినప్పుడు సాన మీద ఉన్నది వంటింటి చాకు. అయినా రేజర్ గురించి నాకు ఎక్కువ తెలిసింది అక్కడే. నీళ్ళు కారుతూ తిరిగే రాయి, దాని అంచున పేరుకున్న బురద, ఆ రాయికి దాదాపు ఆనుకుని వంగిన మనిషి. రెండు మూడు సార్లు ఆనించి తీసి, కిటికీ వెలుగులో వాదర వెంట మెరుపు ఎలా సాగుతుందో చూసి, మళ్ళీ ఆనిస్తాడు. ఆ మెరుపు ఎక్కడ విరిగితే అక్కడ వంకర ఉన్నట్టు. రేజర్‌కైతే ఇదే పని చిన్న రాళ్ళ మీద జరుగుతుంది. రాయి వ్యాసం ఎంత తగ్గితే కత్తి చెంపల్లో గుంట అంత లోతవుతుంది. పూర్తి గుంట సాన పట్టిన జోలింగెన్ కత్తి వాదరని గోటి మీద మెల్లగా ఆనిస్తే ఉక్కు వంగడం కళ్ళకే కనిపిస్తుంది. పాత షెఫీల్డ్ కత్తి అలా వంగదు, అది చెంపల్లో గుంట లేకుండా నిండుగా, బరువుగా ఉండే 'వెడ్జ్' తరహా.

హెండ్రిక్స్ అనే పాత కమ్మరి కర్మాగారం కూడా మ్యూజియమే ఇప్పుడు. 1886లో మొదలై 1986లో మూతపడింది. అక్కడ చేసింది కత్తెరలు, రేజర్లు కాదు. ఎర్రగా కాలిన ఉక్కు మీద సుత్తి యంత్రం పడ్డప్పుడు అరికాళ్ళ దాకా అదురు తెలుస్తుంది. అచ్చులో పడ్డ ముద్దకీ బజారులో కొన్న కత్తికీ మధ్య ఎంతమంది చేతులున్నాయో అర్థం కావాలంటే వెళ్ళొచ్చు, టైము లేకపోతే వదిలేసినా నష్టం లేదు.

పదును పట్టించే సేవల సంగతి. వెంట తీసుకెళ్ళిన పాత కత్తి ఒకటి ఆ ప్రాంతంలోనే ఒక చోట ఇచ్చాను. పదును అద్భుతంగా వచ్చింది. కానీ అడగకుండానే బఫింగ్ చక్రం మీద అద్దంలా మెరిపించి ఇచ్చారు, చెంప మీద ఉన్న సన్నటి చెక్కుడు అక్షరాలు సగం పోయాయి. సేకరించేవాడికి ఆ అక్షరాలే ఆస్తి. పైగా చక్రం వేడికి వాదర ఉక్కు మెత్తబడే ప్రమాదం కూడా ఉంది. "రాయి, తోలు పట్టీ తప్ప ఇంకేమీ తాకించొద్దు" అని కాగితం మీద రాసిచ్చి మరీ ఇవ్వండి.

ఇక షెఫీల్డ్. లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి రైల్లో రెండు గంటల ప్రయాణం. ఊరంతా ఎత్తుపల్లాలే, స్టేషన్ దగ్గర గది తీసుకుంటే కాళ్ళకి సుఖం. కెల్హామ్ ఐలాండ్‌లో అద్దె ఫ్లాట్లు అందంగా ఉంటాయి, మ్యూజియం పక్కనే కూడా. శుక్ర, శని రాత్రుళ్ళు మాత్రం పబ్బుల గోలకి నిద్ర ఉండదు. కెల్హామ్ ఐలాండ్ మ్యూజియంలో 1905 నాటి రివర్ డాన్ ఆవిరి యంత్రం నడిపిస్తారు, 12,000 హార్స్‌పవర్. అది చూసి బావ మొదటిసారి "పర్లేదే నీ యాత్ర" అన్నాడు. నాకు పనికొచ్చింది అక్కడి హాలీ సేకరణ: పనిముట్లు, కత్తులతో పాటు అవి ఎలా తయారయ్యాయో దశలవారీగా చూపే ముక్కలు. ఊరి చివర వాగు పక్కన షెపర్డ్ వీల్ అనే సాన మిల్లు ఉంది, చిన్నదే, తప్పక చూడండి. గుర్రం మీద కూర్చున్నట్టు చెక్క జీను మీద కూర్చుని నూరేవాళ్ళు. ఫోర్కుల్లాంటివి పొడి సాన మీద నూరినవాళ్ళు ఆ దుమ్ము పీల్చి చిన్న వయసులోనే ఊపిరితిత్తుల జబ్బుతో పోయేవారు.

కొనుగోళ్ళకి ఆబీడేల్ రోడ్డు వైపు పాతవస్తువుల కొట్లు. అక్కడ ట్రేలోంచి కత్తి తీసినప్పుడు నేను ముందు చూసేది పేరు కాదు, వీపు. తప్పుగా నూరీ నూరీ అరిగిన కత్తి వీపు మీద వెడల్పాటి చదును పట్టీ మెరుస్తుంది. తర్వాత వాదరని ఒక తిన్నటి గీత పక్కన పెట్టి చూస్తాను. మధ్యలో లోపలికి కుంగి ఉంటే పక్కన పెట్టేయడమే. వీపు మీద తుప్పు మచ్చ పోతుంది, వాదర మీది మచ్చ పోదు. ఇవన్నీ దాటాక తోక దగ్గరి, అంటే పిడిలో కలిసే చోటి, ముద్ర. కిరీటంతో అప్పటి రాజు పేరు పొడి అక్షరాలుంటాయి: జి.ఆర్. (జార్జ్) ఉంటే 1830కి ముందుది, డబ్ల్యూ.ఆర్. (విలియం) అయితే 1830-37 మధ్యది, వి.ఆర్. అయితే విక్టోరియా రాణి కాలంది. అమెరికా 1890లో తెచ్చిన సుంకాల చట్టం వల్ల ఎగుమతి సరుకు మీద దేశం పేరు కొట్టడం మొదలైంది కాబట్టి, 'ఇంగ్లాండ్' అని ఉంటే సాధారణంగా ఆ తర్వాతది. నక్షత్రం, మాల్టా శిలువ కలిసి ఉంటే జోసెఫ్ రోడ్జర్స్ అనే షెఫీల్డ్ కంపెనీది. అదే ఊరి వేడ్ అండ్ బుచర్ కంపెనీ వాళ్ళ వెడల్పాటి కత్తులకి ఇప్పుడు గిరాకీ మరీ ఎక్కువ, సగటు స్థితిలో ఉన్నదానికి కూడా ధర మండుతోంది. నాకైతే పేరులేని జి.ఆర్. కత్తిలోనే ఎక్కువ సంతోషం.

పిడి దగ్గరే అసలు చిక్కు. ఏనుగు దంతంలా కనిపించేవాటిలో చాలావరకు సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్. భూతద్దంలో గీతలు కొలత పెట్టి గీసినట్టు సమంగా ఉంటే అది నకలే. సెల్యులాయిడ్ కుళ్ళితే ఆమ్లపు ఆవిరి వదులుతుంది, అదే పెట్టెలో ఉన్న మంచి కత్తులకి కూడా తుప్పు పట్టిస్తుంది. ఘాటు వాసన వచ్చే పిడి ఎంత చవకైనా వద్దు. నిజమైన దంతమైతే ఇంకా వద్దు. 2022 జూన్ నుంచి బ్రిటన్‌లో దంతపు వస్తువుల అమ్మకం, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, నిషేధం. దేశం దాటించాలంటే సైటిస్ (అంతరించే జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) నిబంధనలు అడ్డొస్తాయి. దేశం దాటించే విషయంలో తాబేటి చిప్ప పిడిదీ అదే కథ. కొమ్ము పిడి మీద మచ్చలద్ది తాబేటి చిప్పలా చేసినవి బోలెడు దొరుకుతాయి, అవి హాయి.

సేఫ్టీ రేజర్లు ఇష్టపడేవాళ్ళు లండన్ శివార్లలో గ్రేట్ వెస్ట్ రోడ్డు మీది 1937 నాటి జిలెట్ భవనం కోసం బయలుదేరుతుంటారు. గడియారం బురుజు బాగుంటుంది, బస్సులోంచి చూస్తే చాలు. ఫ్రాన్స్‌లో తియేర్ మాత్రం వేరు. సానవాళ్ళు అక్కడ చెక్క పలక మీద బోర్లా పడుకుని నూరేవారు, చలికి కాళ్ళ మీద కుక్కని పడుకోబెట్టుకుని. కత్తుల మ్యూజియం, డురోల్ నది లోయలో పాడుబడ్డ కర్మాగారాలు చూడటానికి ఒక రాత్రి ఉండేంత సరుకుంది. క్లెర్మాన్ ఫెరాన్‌లో దిగి పూటకోసం వెళ్ళొస్తే సగమే చూసినట్టు.

కొన్నవి తెచ్చుకోవడం గురించి ఒక మాట. బ్రిటన్‌లో సరైన కారణం లేకుండా ఇలాంటి కత్తి జేబులో పెట్టుకుని వీధిలో తిరగడం నేరం. కొట్టువాడి చేతే కాగితంలో చుట్టించి, టేపు వేయించి, రసీదు పైన అంటించి నేరుగా గదికి చేర్చుకోండి. విమానంలో చేతిసంచిలో కుదరదు, చెక్-ఇన్ సామానులోనే. అందుకే జోలింగెన్ ముందు, షెఫీల్డ్ చివర పెట్టుకుంటే కొన్న సరుకుతో ఊళ్ళు తిరగాల్సిన అవసరం ఉండదు. రెండు చోట్లా మ్యూజియాలు రోజూ తెరిచి ఉండవు, జోలింగెన్‌లో సోమవారం పెట్టుకోకండి.