పదమూడేళ్ళు వేసుకున్న బ్రాండు, చివరికి టైలరు దగ్గర ఆది

బ్రాండు పేరు రాయను, అడగొద్దు. వాళ్ళ మీద కోపం ఉంది కానీ పదమూడేళ్ళు వాళ్ళ బట్టలే వేసుకుని తిరిగిన విశ్వాసం కూడా ఉంది, అందుకని పేరు వదిలేసి బట్టల గురించే మాట్లాడతాను. నేను విజయవాడలో లెక్కల టీచర్ని. రోజుకి ఆరు పీరియడ్లు నిలబడి, చెయ్యి పైకెత్తి బోర్డు మీద రాసే ఉద్యోగం. మే నెలలో కూడా స్పెషల్ క్లాసులు తప్పవు, బెజవాడ ఎండ సంగతి కొత్తగా చెప్పేదేముంది. కాబట్టి ఇది పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వేసుకునే డ్రెస్సుల గురించి కాదు, పనికి వేసుకెళ్ళే కుర్తాల గురించి.

మొదటిది 2012లో బందరు రోడ్డు మీది వాళ్ళ షాపులో కొన్నాను, 699 రూపాయలు. ముదురు నీలం నూలు గుడ్డ, మెడ కింద ఎర్రటి కలంకారీ పట్టీ, మోకాళ్ళు దాటే పొడుగు, ముప్పావు చేతులు, ముందు నాలుగు చెక్క గుండీలు. అవి నిజంగా ఊడదీసి పెట్టుకోగలిగే గుండీలు, ఈ మాట ఎందుకంటున్నానో తర్వాత తెలుస్తుంది. లోపల కుట్టు పక్కన దాదాపు అంగుళం గుడ్డ వదిలేవాళ్ళు. నా కూతురు పుట్టాక ఒళ్ళు వస్తే ఆ కుట్లు విప్పించుకుని అవే కుర్తాలు మళ్ళీ మూడేళ్ళు వేసుకున్నాను. అప్పట్నించి ఏడాదికి నాలుగైదు చొప్పున కొంటూ పోయాను. ట్రయల్ రూముకి వెళ్ళే పనే ఉండేది కాదు. ఎల్ సైజు తీసుకోవడం, బిల్లు కట్టడం, సిటీ బస్సెక్కడం.

ఆ కలంకారీ పట్టీ గురించి ఒక మాట చెప్పాలి. మా అమ్మమ్మగారి ఊరు పెడన పక్కనే, చిన్నప్పుడు సెలవులకి వెళ్తే అద్దకం వేసే షెడ్లలో తిరిగేవాళ్ళం. గుడ్డని కరక్కాయ నీళ్ళలో, పాలలో నానబెట్టి ఆరబెడితే వచ్చే ఆ వాసన ఒకసారి ముక్కుకి పట్టిందంటే మర్చిపోరు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళతో నలుపు తీస్తారు, చెక్క అచ్చులతో ఒక్కొక్క రంగూ విడివిడిగా అద్దుతారు. చేత్తో అద్దిన గుడ్డని తిరగేసి చూస్తే రంగు ఎంతో కొంత వెనక్కి దిగి ఉంటుంది, అచ్చూ అచ్చూ కలిసే చోట ఎక్కడో ఒక నూలుపోగంత తేడా దొరుకుతుంది. నా 2012 కుర్తాకి ఆ తేడా ఉంది. పోయినేడాది అదే బ్రాండులో కలంకారీ అని కొన్నదాన్ని తిరగేస్తే వెనకంతా తెల్లగా ఉంది. పూలన్నీ ఒక్క వెంట్రుకవాసి కూడా జరగకుండా మిషను దింపినట్టే ఉన్నాయి, మిషనే దింపింది కాబట్టి. అది తప్పని అనను, చవకగా అమ్మాలంటే అంతే. కానీ ట్యాగు మీద కలంకారీ ప్రింట్ అని రాసి, ప్రింట్ అన్న ముక్క మాత్రం చీమ తలకాయంత చేస్తే ఏమనుకోవాలి?

మార్పు ఒక్కసారిగా రాలేదు. 2016 దాకా అవే పొడుగు కుర్తాలు, లెగ్గింగుల మీదకీ చుడీదార్ల మీదకీ. తర్వాత పలాజోలు వచ్చాయి, హాయిగా ఉన్నాయి, నేనూ ఆరు కొన్నాను. ఆ తర్వాత కింద బాగా విచ్చుకునే ఘేరాలు, అంచుకి లేసులు, భుజం మీద ఏవో కుచ్చులు. కరోనా తర్వాత షాపుకి మళ్ళీ వెళ్ళేసరికి నాకు తెలిసిన గోడే లేదు. ఒకప్పుడు గోడ పొడుగునా రంగుల వారీగా విడి కుర్తాలు వేలాడేవి, ఇప్పుడు ఆ చోట టాపూ ప్యాంటూ జతగా కలిపి అమ్మే కో-ఆర్డ్ సెట్లు, నడుం దాకా వచ్చే పొట్టి టాపులు, జానెడు జానెడు చేతులు. ఆవపసుపు, మెరూన్, నీలిమందు రంగులు మాయం, అంతా పిస్తా, లావెండర్, లేత గులాబీ. (న్యాయంగా చెప్పాలంటే లేత రంగుల మీద సుద్దపొడి కనిపించదు. కానీ స్టాఫ్ రూములో టీ ఒలికితే ఇక అంతే.) ఆ లేత గుడ్డలకి లైనింగు కూడా వేయట్లేదు, లోపల స్లిప్ విడిగా కొనుక్కోవాలి. మెడ దగ్గర గుండీలు అందంగా ఉన్నాయనుకుని విప్పబోతే అవి ఉత్తుత్తి గుండీలు, పట్టీ మీద కుట్టేశారు. ఖాజాలే లేవు.

ఫ్యాషన్ మారుతుంది, నలభై దాటిన టీచరు కోసం ఏ షాపూ ఆగదు, అది నాకు తెలుసు. నా గొడవ ఫ్యాషన్‌తో కాదు, కొలతలతో. లెక్కల టీచర్ని కదా, ఒక ఆదివారం టేపు తీసుకుని కూర్చున్నాను. 2013లో కొన్న ఎల్ కుర్తా చాతీ చుట్టూ 42 అంగుళాలు, పొడుగు 46, చంక చుట్టుకొలత 19. 2024లో కొన్న ఎల్ చాతీ దగ్గర 39న్నర, పొడుగు 40, చంక 16న్నర. పాతది ఇన్నేళ్ళు ఉతికి సాగి ఉండొచ్చు, ఒక అర అంగుళం దానికి వదిలేద్దాం. మిగతా రెండు అంగుళాలు ఎటు పోయాయి? లోపల మార్జిన్ చూస్తే అదీ లేదు, పోగులు ఊడకుండా అంచుకి వేసే ఓవర్‌లాక్ పక్కనే కుట్టు. కొత్తది వేసుకుని బోర్డు మీద పైనుంచి సమీకరణం రాయబోతే చంక పట్టేస్తుంది, కుర్తా మొత్తం పైకి లేస్తుంది, వెనక నలభై మంది పిల్లలు. ఆ రోజంతా బోర్డులో కింది సగమే వాడాను. ఎక్స్ఎల్ తీసుకోమంటుంది సేల్స్ అమ్మాయి. తీసుకున్నా, భుజాలు జారిపోయాయి, చంక మాత్రం అలాగే బిగుతు. అంటే పెద్దది చేయలేదు, వెడల్పు చేశారంతే.

ఇక గుడ్డ. నా దగ్గరున్న పాతవాటి ట్యాగులన్నిట్లో నూరు శాతం కాటన్ అని ఉంది. 2019 తర్వాత కొన్న పదకొండింటిలో ఏడు విస్కోస్ రేయాన్, రెండు కాటన్ బ్లెండ్, రెండే కాటన్. విస్కోస్ అంటే చెక్క గుజ్జు నుంచి తీసే దారం, షాపులో ముట్టుకుంటే పట్టులా జారుతుంది, ఒంటి మీద అందంగా వాలుతుంది, అందుకే మొదట నేనూ పడిపోయాను. చెమట పీల్చదని కాదు, పీలుస్తుంది, పీల్చి అలాగే బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది. అసలు తేడా ఉతికేటప్పుడు తెలుస్తుంది. తడిసినప్పుడు నూలు బలం పెరుగుతుంది, విస్కోస్ బలం తగ్గుతుంది. అందుకే బండకేసి బాదినా చెక్కుచెదరని పాత కుర్తాలకి అలవాటుపడ్డ మా పనమ్మాయి చేతిలో మొదటి రేయాన్ కుర్తా నాలుగు నెలలకే చీలిక మొదట్లో చిరిగింది. ఆ అమ్మాయి తప్పేం లేదు. మెలితిప్పి పిండకూడదు, నీడలో పరిచి ఆరేయాలి అని లోపలి చీటీలో ఉంది, నేనే చదవలేదు.

బ్లెండ్ అన్నదాని లోపలి కుట్టు నుంచి రెండు పోగులు లాగి దీపం దగ్గర పెట్టాను. నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిదవుతుంది. ఇది ముడుచుకుని గట్టి పూసలా మిగిలింది, అంటే పాలిస్టరు బాగానే ఉంది. ఈ చిట్కా రేయాన్‌ని పట్టివ్వదు, అది కూడా నూలులాగే కాలుతుంది, కాబట్టి అక్కడ ట్యాగునే నమ్ముకోవాలి.

సెట్ల బాధ వేరు. నాలాంటి వాళ్ళకి పైన ఒక సైజు, కింద ఒక సైజు. ఇదివరకు కుర్తా, చుడీ, చున్నీ ఎవరికి కావలసినవి వాళ్ళు విడిగా ఏరుకునేవాళ్ళం. ఇప్పుడు టాపు సరిపోయే సెట్టు కొంటే ప్యాంటు బకెట్‌లా ఉంటుంది, ప్యాంటు సరిపోతే టాపులో ఊపిరాడదు. మా అమ్మాయి మాత్రం ఆ గోడ ముందు నుంచి కదల్లేదు. "అమ్మా, నీ టేస్టు అక్కడే ఆగిపోయింది, వాళ్ళేం చేస్తారు" అంది. దానికి పన్నెండేళ్ళు. అది ఎంచుకున్న పొట్టి టాపు దానికి బ్రహ్మాండంగా ఉంది, ఒప్పుకోవాలి.

ఒప్పుకోవలసింది ఇంకోటి ఉంది, జేబులు. కొత్త కుర్తాలకి పక్క జేబు పెడుతున్నారు, ఫోనూ రెండు సుద్దముక్కలూ పడతాయి. పదేళ్ళు నేను ఫోను చేతిలో పట్టుకుని తిరిగాను, ఒక్క జేబు పెట్టాలని వాళ్ళకి అప్పుడెందుకు తోచలేదో. ధర సంగతి పెద్దగా ఫిర్యాదు చేయను. 699 కుర్తా ఇప్పుడు 1499, అన్నీ పెరిగాయి. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి 2500 దాకా ఉన్న బట్టలకి జీఎస్టీ 5 శాతమే, అంతకుముందు వెయ్యి దాటితే 12 ఉండేది. నాకు మంట ఎక్కడంటే, రెట్టింపు ఇచ్చినా పాత గుడ్డ దొరకట్లేదని. కొలతల పట్టికతో సహా వాళ్ళకి మెయిలు కూడా పెట్టాను. మీ అభిప్రాయం మాకు విలువైనది అని జవాబు, కింద పది శాతం డిస్కౌంట్ కూపను.

కూపను వాడలేదు. ఆ వారమే మంగళగిరి వెళ్ళి నిజాం అంచు నూలు గుడ్డ రెండున్నర మీటర్లు తెచ్చుకున్నాను, అంచు మీద గుడి గోపురాల్లాంటి చిన్న త్రికోణాలుంటాయే, అది. గుంట మగ్గం మీద నేసిన గుడ్డ, మొదట గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంటుంది, నాలుగు ఉతుకులకి మెత్తబడుతుంది. కుట్టుకూలితో కలిపి నాకు 1150 అయింది. రెడీమేడ్‌లా ఇవాళ కొని రేపు వేసుకునే సుఖం లేదు, టైలరు చుట్టూ మూడుసార్లు తిరిగాను, మొదటిసారి చేతులు పొట్టివయ్యాయి. అయినా మళ్ళీ ఇంకో రెండు గుడ్డలు ఇచ్చి వచ్చాను.

కొలతలకి ఆదిగా ఆ 2013 కుర్తానే ఇచ్చాను. మా వీధి చివర కుట్టే ఆవిడ దాన్ని తిరగేసి చంక దగ్గర వేలు పెట్టి చూసి, "టీచరు గారూ, ఇది ఎవరు కుట్టారండీ, చంక భలే తీశారు" అంది. కొన్నదే అంటే నమ్మలేదు. ఇంకో ఇద్దరికి దీని మీదే కత్తిరించుకుంటాను, ఈ వారం నా దగ్గర ఉంచండి అంది. ఉంచాను. ఇది మూడో వారం, ఇంకా ఇవ్వలేదు.