ఏది మేలు: చేతులు కలిపించడమా, శిక్ష వేయించడమా, విచారణ పెట్టించడమా?

మా మెల్‌బోర్న్ పడమటి శివార్ల తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఈ శీతాకాలం మొదలైనప్పటి నుంచి ఒకటే ప్రశ్న వస్తోంది. ఫుటీ (ఇక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) ఆడే పిల్లాడిని ఎవరైనా జాతి పేరు పెట్టి అంటే ఏం చేయాలి? ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించాలా, కంప్లైంట్ ఇచ్చి సస్పెండ్ చేయించాలా? నాకు ఫోన్ చేసి అడిగినవాళ్ళే అరడజను మంది ఉంటారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను.

నన్నే ఎందుకు అడుగుతున్నారంటే, మా అబ్బాయి ఆడే అండర్-12 టీమ్‌కి నేను టీమ్ మేనేజర్ని. మే నెలలో ఒక ఆదివారం మా టీమ్‌లోని అబొరిజినల్ (ఆస్ట్రేలియా మూలవాసి) పిల్లాడిని అవతలి టీమ్ పిల్లాడు ఒక మాట అన్నాడు. క్వార్టర్ బ్రేక్‌లో అందరూ బత్తాయి ముక్కల కోసం ఎగబడుతుంటే వీడు మాత్రం మౌత్‌గార్డ్ తీసి గుప్పిట్లో పెట్టుకుని గడ్డి మీద కూర్చున్నాడు. ఏమైందిరా అంటే ఏం లేదన్నాడు. ఆ మాట సంగతి నాకు మా వాడు చెప్పాడు, కారులో, ఇంటికి వచ్చేటప్పుడు. సాయంత్రం కోచ్ ఫోన్ చేసి, పిల్లలిద్దరి చేతా షేక్‌హ్యాండ్ ఇప్పించి ఇంతటితో వదిలేద్దామన్నాడు. మంచి మనిషే, మంచి ఉద్దేశంతోనే అన్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫుటీ పెద్ద లీగ్ ఏఎఫ్ఎల్‌లో ముప్ఫై ఏళ్ళుగా ఈ మూడు దారులూ తొక్కి చూశారు. ఏ దారిలో ఎవరికి ఏం మిగిలిందో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను.

మొదటిది రాజీ. 1995 ఏప్రిల్ 25న ఎసెండన్, కాలింగ్‌వుడ్ టీమ్‌లు తమ తొలి ఆంజాక్ డే (యుద్ధవీరుల సంస్మరణ దినం) మ్యాచ్ ఆడాయి. ఆ మ్యాచ్‌లో ఎసెండన్ మూలవాసి ఆటగాడు మైకేల్ లాంగ్‌ని అవతలి ఆటగాడు జాతి పేరుతో దూషించాడు. లాంగ్ ఊరుకోలేదు. లీగ్ ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించింది. శిక్ష లేదు. ఆ తర్వాత విలేకరుల ముందు అంతా సర్దుకుందని ప్రకటిస్తున్నప్పుడు పక్కనే కూర్చున్న లాంగ్ ముఖం చూస్తే ఏదీ సర్దుకోలేదని ఎవరికైనా తెలుస్తుంది. అతని తల్లిదండ్రులిద్దరూ చిన్నప్పుడే ప్రభుత్వం ఇంటి నుంచి ఎత్తుకుపోయిన తరం పిల్లలు. ఆ ఇంటి కొడుకుని నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి సర్దుకుపొమ్మన్నారు. అతను పట్టు విడవలేదు కాబట్టే ఆ ఏడాది మధ్యలో లీగ్ జాతి దూషణ మీద రూల్ తెచ్చింది. కానీ ఆ రూల్‌లోనూ మొదటి మెట్టు రాజీయే, అదీ రహస్యంగా.

రాజీలో మంచి లేదని నేననను. నోరు జారినవాడు ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి క్షమించమని అడగడం చిన్న విషయం కాదు, కొందరు నిజంగా మారతారు కూడా. అయితే గదిలోకి ఎవరు ఎవర్ని పిలుస్తున్నారన్నది చూడాలి. మన ఊళ్ళలో అట్రాసిటీ కేసు పెట్టారని తెలియగానే పెద్దమనుషులు తిరిగేది ఎవరి గుమ్మం చుట్టూనో మీకు తెలుసు. తిట్టినవాడి ఇంటికి ఎవరూ పోరు. తిట్లు తిన్నవాడి దగ్గరకే పోయి, పెద్ద మనసు చేసుకోమంటారు.

సిడ్నీ టీమ్ మూలవాసి ఆటగాడు ఆడమ్ గుడ్స్ కథ మీ అందరికీ తెలిసిందే, అయినా ఒక వైపు నుంచి మళ్ళీ చూడమంటాను. 2013 మే 24, శుక్రవారం రాత్రి, ఎంసీజీ. మూలవాసుల గౌరవార్థం ఏటా ఆడే రౌండ్‌లో మొదటి మ్యాచ్, సిడ్నీకీ కాలింగ్‌వుడ్‌కీ మధ్య. చివరి క్వార్టర్‌లో బౌండరీ దగ్గర కంచె అవతలి నుంచి ఒక మాట వినపడింది: కోతి జాతి పేరు. గుడ్స్ ఆగాడు, వెనక్కి తిరిగాడు, చెయ్యి చాపి ఆ మాట వచ్చిన వైపు చూపించాడు. సెక్యూరిటీ వచ్చి ఆ అమ్మాయిని బయటకు తీసుకెళ్ళారు. ఆమె వయసు 13. గెలిచిన మ్యాచ్, తను అద్భుతంగా ఆడిన మ్యాచ్, కానీ సంబరాల వేళకు అతను మైదానంలో లేడు. మర్నాడు విలేకరుల ముందుకొచ్చి ఏమన్నాడో చూడండి: తప్పు ఆ పిల్లది కాదు, ఆమెకు అండగా ఉండండి, ఆమెను వేటాడకండి. ఆ అమ్మాయి ఫోన్ చేసి క్షమాపణ చెప్పింది, అతను అంగీకరించాడు.

రాజీ అనే దారికి ఇంతకన్నా మంచి మనిషి దొరకడు. దెబ్బ తిన్నవాడే ముందుకొచ్చి శిక్ష వద్దన్నాడు. దానికి దక్కిందేమిటి? వారం తిరక్కముందే కాలింగ్‌వుడ్ ప్రెసిడెంట్ ఎడ్డీ మెగ్వైర్, అదే ఆట రాత్రి డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్ళి గుడ్స్‌కి సారీ చెప్పిన మనిషి, రేడియోలో మాట్లాడుతూ కింగ్ కాంగ్ నాటకం ప్రచారానికి గుడ్స్‌ని వాడుకోవచ్చన్నట్టు ఒక మాట అన్నాడు. నోరు జారిందని క్షమాపణ చెప్పాడు. పదవి పోలేదు. 2014లో గుడ్స్ ‘ఆస్ట్రేలియన్ ఆఫ్ ద ఇయర్’ అయ్యి, మూలవాసుల గురించి నోరు విప్పి మాట్లాడటం మొదలుపెట్టాడు. స్టేడియాల్లో అతని చేతికి బంతి వచ్చినప్పుడల్లా ‘బూ’ అనడం పెరుగుతూ పోయింది. ఎందుకు అరుస్తున్నారంటే, ఆటలో మోసం చేస్తాడు, ఫ్రీ కిక్‌ల కోసం పడిపోతాడు అన్నారు. ఒక చిన్నపిల్లను బయటకు పంపించాడు అని కూడా అన్నారు. ఆమెను వదిలేయండని వేడుకున్నవాడి మీదే ఆ నింద పడింది.

2015 మే 29న కార్ల్‌టన్ మీద గోల్ కొట్టి, మూలవాసుల యుద్ధ నృత్యంలో నాలుగు అడుగులు వేసి, చేతిలో లేని ఈటె విసిరాడు. అక్కడితో ‘బూ’లు ఇంకా ముదిరాయి. జూలై చివర్లో పెర్త్ మ్యాచ్ తర్వాత తట్టుకోలేక ఒక ఆటకు సెలవు తీసుకున్నాడు. రెండు బ్రౌన్‌లో మెడల్స్ (సీజన్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చేది), రెండు ప్రీమియర్‌షిప్‌లు (లీగ్ టైటిళ్ళు), 372 ఆటలు. అలాంటివాడు ఆ సెప్టెంబర్‌లో ఆట మానేశాడు. గ్రాండ్ ఫైనల్ రోజు రిటైరయ్యే ఆటగాళ్ళను మైదానం చుట్టూ తిప్పి సత్కరిస్తారు కదా, దానికి రాలేదు. లీగ్, 18 క్లబ్బులూ కలిసి బహిరంగంగా క్షమాపణ చెప్పింది 2019లో. 2021లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి పిలిస్తే వద్దన్నాడు.

ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా బరువుగా కనిపించేది ఒకటే: పని అంతా దెబ్బ తిన్నవాడే చేశాడు. వేలు చూపించింది అతనే, క్షమించింది అతనే, అందరికీ ఓపిగ్గా వివరించింది అతనే, చివరికి ఆట వదులుకుందీ అతనే. లీగ్ చూస్తూ ఉండిపోయింది. అందుకే ఏ పద్ధతినైనా నేను కొలిచేది ఈ ఒక్క కొలతతోనే: మోత ఎవరి నెత్తిన పడుతోంది?

రెండో దారి శిక్ష. 2021 జూలైలో అడిలైడ్ మాజీ కెప్టెన్ టేలర్ వాకర్ ఒక రాష్ట్ర లీగ్ మ్యాచ్ చూస్తూ, అవతలి టీమ్‌లోని రాబీ యంగ్ అనే మూలవాసి ఆటగాడి గురించి జాతి దూషణ చేశాడు. యంగ్ ఆ మాట వినలేదు. అక్కడున్న అడిలైడ్ క్లబ్ ఉద్యోగి ఒకరు విని, సొంత క్లబ్ స్టార్ అని కూడా చూడకుండా పైకి చెప్పారు. ఆరు మ్యాచ్‌ల సస్పెన్షన్, మూలవాసుల కార్యక్రమానికి 20,000 డాలర్లు. చాలామంది ఆరు చాలవన్నారు, కొందరు ఎక్కువన్నారు. నన్ను అడిగితే ఆ అంకె మీద గొడవ అనవసరం. ఫిర్యాదు చేసింది దెబ్బ తిన్నవాడు కాదు, పక్కన ఉన్నవాడు. యంగ్ ఎవరికీ ఏదీ రుజువు చేసుకోవాల్సిన అవసరం రాలేదు. ‘అతి చేస్తున్నాడు’ అనే మాట అతని మీద పడలేదు. నాకు తెలిసినంతలో ఇంత సరిగ్గా నడిచిన కేసు ఇంకొకటి లేదు.

శిక్షకు లోటు లేకపోలేదు. అది ఒక నోటిని మూయిస్తుంది, క్లబ్ గాలిని మార్చదు. ఆరు వారాలయ్యాక మనిషి వెనక్కి వస్తాడు, డ్రెస్సింగ్ రూమ్ అదే, జోకులు అవే. ప్రేక్షకుల గుంపులో నలభై వేల మంది ‘బూ’ అంటే ఎవరిని సస్పెండ్ చేస్తారు?

మూడో దారి అందుకే పుట్టింది: బయటివాళ్ళతో విచారణ. కాలింగ్‌వుడ్‌లో ఆడిన హెరిటియర్ లుమూంబా, బ్రెజిల్‌లో పుట్టిన నల్లజాతి ఆటగాడు, క్లబ్‌లో తనను ‘చింప్’ అని పిలిచేవారని ఏళ్ళ తరబడి చెప్పాడు. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2020లో క్లబ్ విచారణ వేసింది. చేసింది లారిసా బెరెంట్, లిండన్ కూంబ్స్, ఇద్దరూ మూలవాసులే. క్లబ్‌లో జాతి వివక్ష వ్యవస్థలోనే ఉందని కుండబద్దలు కొట్టినట్టు రాశారు. అయితే ఆ రిపోర్టు జనానికి తెలిసింది 2021 ఫిబ్రవరి 1న, లీకై పేపర్లో వచ్చాకే. అప్పుడు మైకుల ముందుకొచ్చి, క్లబ్‌కి ఇది గర్వపడాల్సిన రోజు అన్నది ఎవరో కాదు, అదే మెగ్వైర్. ఆటగాళ్ళు, అభిమానులు మండిపడ్డారు. ఫిబ్రవరి 9న రాజీనామా చేశాడు. 2013లో క్షమాపణతో సర్దుకుపోయిన కుర్చీ ఎనిమిదేళ్ళ తర్వాత ఒక రిపోర్టు చేతికొస్తే కదిలింది. లోపలి సంగతి కాగితం మీదకి రావడానికి ఉన్న బలం అది.

కానీ విచారణ అనగానే సంబరపడిపోకండి. హాథార్న్ క్లబ్ 2022లో తన మాజీ మూలవాసి ఆటగాళ్ళ అనుభవాలు సేకరించింది. కుటుంబాలు చెప్పినవి చదివితే కడుపు తరుక్కుపోతుంది. ఆరోపణలు ఎదుర్కొన్నవాళ్ళు మమ్మల్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదన్నారు, అన్నీ అబద్ధమన్నారు. లీగ్ తన తరఫున ఇంకో విచారణ వేసి, ఎవరి మీదా ఏ తప్పూ తేల్చకుండా 2023 మేలో మూసేసింది. కుటుంబాలకు న్యాయం జరిగినట్టూ లేదు, అవతలివాళ్ళకు మచ్చ పోయినట్టూ లేదు. కాబట్టి విచారణ మొదలయ్యే రోజునే రెండు మాటలు రాతపూర్వకంగా ఉండాలి: ఇరువైపులా వింటారు, రిపోర్టు బయటపెడతారు. ఆ రెండూ లేకపోతే నేనైతే దానికి ఓటెయ్యను.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. ప్రేక్షకుడికి జీవితకాల నిషేధం: వేయాల్సిందే, 2016లో మూలవాసి ఆటగాడు ఎడ్డీ బెట్స్ మీద అరటిపండు విసిరినప్పుడు లాంటి సందర్భాల్లో. అంతకు మించి దాని నుంచి ఏమీ ఆశించొద్దు. ట్రైనింగ్ సెషన్లు: హాజరుపట్టీలో సంతకం పెట్టి ఫోన్ చూసుకునేవాళ్ళే ఎక్కువ. మూలవాసుల బొమ్మలతో జెర్సీలు వేసుకునే రౌండ్: అందంగా ఉంటుంది, మా పిల్లలకీ ఇష్టం. ఆ రౌండ్‌కి పేరు పెట్టింది సర్ డగ్ నికోల్స్ పేరు. 1927లో ఒంటి నుంచి వాసన వస్తోందని తోటి ఆటగాళ్ళు అంటే కార్ల్‌టన్ క్లబ్ ఆయన్ని వద్దంది. మన దగ్గర అంటరానితనం తెలిసినవాళ్ళకి ఆ వాక్యం విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన పేరు జెర్సీల మీద ఉంది కానీ, నిర్ణయాలు తీసుకునే గదుల్లో ఆయనవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మందే. జనాభాలో మూలవాసులు నూటికి నలుగురి లోపు. మైదానంలో మంచి ఏళ్ళలో పదిమందిలో ఒకరు వాళ్ళే. లీగ్‌ని నడిపే కమిషన్‌లోకి మొదటి మూలవాసి, డాక్టర్ హెలెన్ మిల్‌రాయ్, వచ్చేసరికి ఈ దశాబ్దం గుమ్మంలోకి వచ్చేశాం.

మా టీమ్ సంగతికి వస్తాను. సోమవారం కోచ్‌కి ఫోన్ చేసి షేక్‌హ్యాండ్ ఇప్పుడే వద్దన్నాను. ఆ పిల్లాడి నానమ్మకి ఫోన్ చేశాను, వాడిని పెంచుతున్నది ఆవిడే. కంప్లైంట్ నేను రాస్తాను, మీరుగానీ బాబుగానీ ఏదీ రాయక్కర్లేదు, ఎక్కడికీ రానక్కర్లేదు, మీకు సరేనా అని అడిగాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఇదివరకు రెండుసార్లు ఇలాగే అయితే రెండుసార్లూ ఆవిడనే కూర్చోబెట్టి రాయించారట. సరే, రాయండి అంది.

ఆ రాత్రి లీగ్ ఫారం నింపాను. ఫిర్యాదుదారు అన్న చోట నా పేరు రాశాను, సాక్షి అన్న చోట మా అబ్బాయి పేరు, వాడిని అడిగే. అవతలి పిల్లాడికి పన్నెండేళ్ళు కూడా నిండలేదు కాబట్టి, రెండు ఆటలు ఆపి, వాళ్ళ క్లబ్ పెద్దలు వాడి తల్లిదండ్రులతో మాట్లాడాలని అడిగాను. క్షమాపణ చెప్పాలనిపిస్తే ఉత్తరం రాయమనండి, తీసుకోవాలో వద్దో మా పిల్లాడి ఇష్టం అని చివర్లో చేర్చాను. లీగ్ ఒప్పుకుంది.

ఉత్తరం మూడు వారాలకు వచ్చింది. నానమ్మ చేతికిచ్చాను. వాడు చదివాడో లేదో నేను అడగలేదు. మొన్న ఆదివారం క్వార్టర్ బ్రేక్‌లో మాత్రం బత్తాయి డబ్బా దగ్గర మా వాడితో ఆఖరి ముక్క కోసం కొట్లాడుతున్నాడు.