ల్యాండ్ బిట్వీన్ ద లేక్స్ "లోపల" లేక్‌సైడ్ క్యాబిన్, బైవే పాస్ అని ఎవరైనా అమ్ముతుంటే డబ్బులు కట్టకండి

నాష్‌విల్, క్లార్క్స్‌విల్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళందరికీ, ముఖ్యంగా ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉంటే వాళ్ళని ఎక్కడికి తీస్కెళ్ళాలా అని వెతుక్కుంటున్న వాళ్ళకి ఈ పోస్ట్. ల్యాండ్ బిట్వీన్ ద లేక్స్ అంటే కెంటకీ, టెన్నెసీ రాష్ట్రాల్లో రెండు పెద్ద సరస్సుల మధ్య ఉన్న అడవి, రిక్రియేషన్ ఏరియా; దాంట్లోంచి పోయే రోడ్డే వుడ్‌ల్యాండ్స్ ట్రేస్ సీనిక్ బైవే. కొంచెం పొడుగ్గా ఉంటుంది, తిట్టుకోకుండా చదవండి, మీ డబ్బులు మిగుల్తాయి.

థాంక్స్‌గివింగ్ లాంగ్ వీకెండ్‌కి మేము ఒక ప్యాకేజీ తీస్కున్నాం. యాడ్‌లో ఏం రాశారంటే, వుడ్‌ల్యాండ్స్ ట్రేస్ సీనిక్ బైవే మీదే, రిక్రియేషన్ ఏరియా లోపలే, సరస్సు ఒడ్డున క్యాబిన్, బోటు కట్టుకోడానికి సొంత డాక్, పాంటూన్ బోట్, ఫాల్ కలర్స్, గైడ్‌తో బైసన్ (అమెరికా అడవిదున్న) సఫారీ, ఇవి కాక మనిషికి 25 డాలర్ల చొప్పున "బైవే ఎంట్రీ పాస్". వీటిల్లో ఒక్కటి కూడా చెప్పినట్టు లేదు, కొన్నయితే అసలు ఉండే అవకాశమే లేదు. అమ్మినాయన పేరు ఇక్కడ పెట్టట్లేదు, కార్డ్ డిస్ప్యూట్ నడుస్తోంది. ఆయన ఒక్కడే కాదు, ఇదే రకం యాడ్స్ ఇంకొన్ని కూడా చూశాను కాబట్టి పేరుకంటే సంగతి ముఖ్యం.

ముందు ఆ పాస్ గురించి. క్యూఆర్ కోడ్ వేసి, పైన జింక బొమ్మ పెట్టి, చాలా నీట్‌గా పీడీఎఫ్ పంపించారు. గోల్డెన్ పాండ్ విజిటర్ సెంటర్లో కౌంటర్ దగ్గర ఉన్నావిడకి చూపిస్తే రెండు సార్లు అటూ ఇటూ తిప్పి చూసి, ఇదెవరు ఇచ్చారు మీకు, ఈ రోడ్డుకి టికెట్టే లేదు అని నవ్వింది. అదండీ సంగతి. ట్రేస్ అనేది మామూలు పబ్లిక్ రోడ్డు, ఉత్తరాన కెంటకీలో గ్రాండ్ రివర్స్ నుంచి దక్షిణాన టెన్నెసీలో డోవర్ దాకా 40 మైళ్ళ పైన ఉంటుంది, గేటు లేదు, టోల్ లేదు, ఎవరి కారైనా ఫ్రీగా వెళ్ళొచ్చు. లోపల కొన్నిటికి డబ్బులు కట్టాలి, అది నిజమే: ఎల్క్ అండ్ బైసన్ ప్రెయిరీ, ప్లానెటేరియం, 1850ల నాటి పల్లెటూరి సంసారం చూపించే హోమ్‌ప్లేస్ ఫార్మ్, నేచర్ స్టేషన్, క్యాంపింగ్. అవన్నీ అక్కడికక్కడే తక్కువలో అయిపోతాయి, ప్రెయిరీకి అయితే మనిషి లెక్క కూడా కాదు, కారు లెక్క.

ఇక క్యాబిన్. జీపీఎస్‌లో అడ్రస్ కొడితే ట్రేస్ మీద నుంచి పడమటికి తిప్పి, ఎగ్నర్స్ ఫెర్రీ బ్రిడ్జి దాటించి, సరస్సు అవతల ఒడ్డున మర్రీ వైపు ఒక సబ్‌డివిజన్‌కి తీస్కెళ్ళింది. గోల్డెన్ పాండ్ నుంచి ముప్పావు గంట. ఫోన్ చేస్తే ఆయన "ఏరియా అంతా ఒకటే కదా మేడమ్" అంటాడు. ఒకటెలా అవుతుందండీ, మధ్యలో అంత కెంటకీ లేక్ ఉంటే!

మా మామయ్యగారిది శ్రీశైలం ముంపులో పోయిన ఊరు. విజిటర్ సెంటర్లో బోర్డులన్నీ నాచేత చదివించుకుని ఆయన అన్నమాట, "సర్కారు ఒకసారి ఊళ్ళు ఖాళీ చేయించినాక లోపల ఇంకెవర్ని ఇల్లు కట్టుకోనిస్తారమ్మా?" అని. అంతే, సరిగ్గా అదే పాయింట్. టెన్నెసీ నది మీద కెంటకీ డ్యామ్ 1944లో అయింది, కంబర్లాండ్ నది మీద బార్క్లీ డ్యామ్ 1966లో అయింది, రెండు సరస్సుల మధ్య మిగిలిన నేలని రిక్రియేషన్ ఏరియా చేద్దామని 1963లో కెన్నెడీ హయాంలో నిర్ణయం అయింది, దానికోసం టీవీఏ (టెన్నెసీ వ్యాలీ అథారిటీ అనే ఫెడరల్ సంస్థ) అక్కడున్న కుటుంబాలన్నిటినీ, ఇష్టం లేనివాళ్ళని కూడా, లేపేసి భూములు తీస్కుంది. గోల్డెన్ పాండ్ అంటే ఇవాళ విజిటర్ సెంటర్ పేరు గానీ అప్పట్లో అదొక ఊరు, ప్రొహిబిషన్ రోజుల్లో నాటుసారాకి ఫేమస్ అట. ఇప్పుడు ఊరు లేదు, ఊరివాళ్ళ సమాధులు మాత్రం చెట్ల మధ్య అక్కడక్కడా ఉన్నాయి. సుమారు 1,70,000 ఎకరాలు, మొత్తం ఫెడరల్ భూమి, 1999 నుంచి ఫారెస్ట్ సర్వీస్ చూస్తోంది. కాబట్టి లోపల ప్రైవేట్ ఇళ్ళు ఉండవు, ప్రైవేట్ డాక్‌లు ఉండవు, హోటళ్ళు ఉండవు. పైనీ, హిల్‌మన్ ఫెర్రీ, ఎనర్జీ లేక్ లాంటి క్యాంప్‌గ్రౌండ్లు ఉన్నాయి, కొన్నిట్లో చిన్న చిన్న క్యాంపింగ్ క్యాబిన్లు కూడా ఇస్తారు, అవి రిక్రియేషన్ ఏరియా వాళ్ళ దగ్గరే బుక్ చేస్కోవాలి. బయట ఎవరో "లోపల మా క్యాబిన్" అన్నారంటే అబద్ధం, దానికి ఇంకో ఎంక్వైరీ అక్కర్లేదు.

సరే, అవతల ఒడ్డునైతేనేం సరస్సు ఉందిగా అనుకుంటారేమో, అసలు కథ అక్కడే ఉంది. ఫోటోలో డాక్ చుట్టూ నీలంగా నీళ్ళు, బోటు కట్టేసి ఉంది. మేము వెళ్ళేసరికి డాక్ బురదలో కూర్చుని ఉంది, నీళ్ళు ఎక్కడో దూరంగా. పాంటూన్ సంగతి అడిగితే "లేక్ లెవెల్ దేవుడి చేతిలో ఉంటుంది మేడమ్" అన్నాడు. దేవుడి చేతిలో కాదు, టీవీఏ చేతిలో ఉంటుంది, అది కూడా క్యాలెండర్ ప్రకారం! ఎండాకాలం సరస్సు మట్టం సముద్ర మట్టానికి 359 అడుగుల ఎత్తు దగ్గర ఉంచుతారు, జులై మొదటి వారం దాటాక మెల్లమెల్లగా దించుకుంటూ డిసెంబర్ మొదటికి 354కి తెస్తారు, చలికాలం, వసంతంలో వచ్చే వరద నీళ్ళకి చోటు ఉండాలని. అయిదు అడుగులే కదా అనిపిస్తుంది, కానీ సరస్సు ఒడ్డులోకి చొచ్చుకొచ్చే ఆ పాయల్లో లోతు తక్కువ, అయిదు అడుగులు దిగితే పాయ చివర మొత్తం బురద తేలుతుంది. అక్కడ ఇల్లున్న ప్రతి ఒక్కరికీ ఇది తెలుసు, నవంబర్లో అద్దెకిచ్చేవాడికి తెలీకుండా ఉండదు. బార్క్లీ వైపు తీస్కుంటే బాగుండేదా అంటే అదీ లేదు, రెండు సరస్సుల్నీ కలుపుతూ గేట్లు లేని కాలువ ఉంది, ఇటు తగ్గితే అటూ తగ్గుతుంది. సరస్సు కోసమే డబ్బులు పెడుతుంటే మే, జూన్ నెలల్లో వెళ్ళండి, లేదా ఓనర్ని "నేనొచ్చే తారీఖుకి డాక్ కింద నీళ్ళు ఎంత ఉంటాయి, పోయినేడు అదే వారం ఫోటో పంపండి" అని అడగండి. పంపకపోతే అర్థం చేస్కోండి.

ఫాల్ కలర్స్ గురించి చెప్పడానికేం లేదు, థాంక్స్‌గివింగ్‌కి ఆకులన్నీ కిందే ఉన్నాయి. అక్కడ రంగులు అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మొదటి వారం లోపు చూస్కోవాలి. గైడ్ అంటే ఒక ఫోన్ నంబర్, ఎత్తలేదు. ఎత్తినా చేసేదేం లేదులెండి, ప్రెయిరీ అంటే 700 ఎకరాలకి కంచె వేసి లోపల మూడున్నర మైళ్ళ రోడ్డు, మన కార్లో మనమే మెల్లగా తిరిగి రావడం, కార్లోంచే చూడటం మంచిది.

ఇంకోటి కూడా యాడ్స్‌లో రాస్తున్నారు, "బైవే పొడుగునా లేక్ వ్యూ" అని. లేదండి. ఆ రోడ్డు రెండు సరస్సుల మధ్య గట్టు మీద అడవిలోంచి పోతుంది, గ్రాండ్ రివర్స్ వైపు నుంచి వస్తే కాలువ మీద బ్రిడ్జి దగ్గర నీళ్ళు కనిపిస్తాయి, ఆ తర్వాత చాలా దూరం చెట్లే చెట్లు. నీళ్ళు కావాలంటే పక్క రోడ్లలోకి తిరగాలి. మా అత్తయ్యగారు అయితే వెనక సీట్లోంచి "సరస్సు ఏదిరా, సరస్సు ఏదిరా" అని మా ఆయన్ని అడుగుతూనే ఉన్నారు పాపం.

చోటు మాత్రం బాగుంటుంది, అది చెప్పకపోతే అన్యాయం. షాపులు, బోర్డులు ఏమీ లేకుండా అంత దూరం అడవిలో నడిపే రోడ్డు ఈ చుట్టుపక్కల దొరకడం కష్టం, సాయంత్రం ప్రెయిరీలో బైసన్ల గుంపు మా కారుకి అడ్డంగా రోడ్డు దాటుతుంటే పిల్లలు గుక్క తిప్పుకోలేదు. ఇదంతా పాస్ లేకుండా, ప్యాకేజీ లేకుండా వచ్చేదే. నాష్‌విల్ నుంచి గంటన్నర, ఐ-24 మీద 65 ఎగ్జిట్ తీస్కుని కాడిజ్ మీదుగా వెళ్తే నేరుగా గోల్డెన్ పాండ్, లేదా క్లార్క్స్‌విల్ మీదుగా డోవర్. పొద్దున వెళ్ళి రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు. పులిహోర కట్టుకెళ్ళండి, లోపల తిండి దొరుకుతుందని నమ్ముకోవద్దు.

డబ్బుల సంగతి: మేము మొత్తం క్రెడిట్ కార్డ్ మీదే కట్టాం, అందుకే పాస్‌ల డబ్బులు వెనక్కి వచ్చాయి, క్యాబిన్‌ది ఇంకా తేలలేదు. యాడ్ స్క్రీన్‌షాట్లు, డాక్ బురద ఫోటో తారీఖుతో సహా, మ్యాప్‌లో క్యాబిన్ పిన్, ఆయనతో చాట్, అన్నీ బ్యాంకుకి పంపాం. మొదట్లో ఆయన "కార్డ్ అయితే ఎక్స్‌ట్రా అవుతుంది, జెల్‌లో (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బులు పంపే పద్ధతి) పంపండి, డిస్కౌంట్ ఇస్తా" అని చాలా బతిమాలాడు. ఎవరైనా అలా అడిగితే అక్కడితో ఆపెయ్యండి. ఇంకా, కట్టే ముందే పూర్తి అడ్రస్ అడగండి, బుకింగ్ అయ్యాకే ఇస్తాం అంటే కనీసం సరస్సుకి ఏ ఒడ్డు, దగ్గర్లో ఏ ఊరు అన్నా రాతలో చెప్పించుకోండి. ఆరోరా, మర్రీ, కాడిజ్, గ్రాండ్ రివర్స్, డోవర్, ఇవన్నీ బయటి ఊళ్ళు. అక్కడ మంచి క్యాబిన్లు ఉండొచ్చు, బయట ఉన్నవని చెప్పి బయట రేటుకి ఇస్తే తీస్కోండి, ఎవరొద్దన్నారు.

వెళ్ళేవాళ్ళకి చివరిగా, చలికాలంలో నాలుగున్నర దాటితే చీకటి పడిపోతుంది, ప్రెయిరీ గేటు చీకటితో మూసేస్తారు, కాబట్టి మూడింటికల్లా అక్కడ ఉండండి. హోమ్‌ప్లేస్, నేచర్ స్టేషన్ చలికాలంలో మూసేస్తారు, తెరిచి ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి. నవంబర్లో జింకల వేట ఉంటుంది, ట్రైల్స్ ఎక్కితే ఆరెంజ్ రంగు వేస్కోండి, ఎండాకాలం అయితే పేలుపురుగుల్లాంటి టిక్స్ ఎక్కువ, ప్యాంటు సాక్సులో దోపుకోండి. సిగ్నల్ చాలా చోట్ల పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేస్కోండి. ట్రేస్ మీద గ్యాస్ స్టేషన్లు లేవు, డోవర్లోనో కాడిజ్‌లోనో ట్యాంకు నింపుకునే లోపలికి వెళ్ళండి.